కిందికి రాని బండి

కొండ మీది క్యాంపు,
ఫిబ్రవరి 12

అక్కా,

నేను క్షేమం. ముసలిది కూడా క్షేమమే. నా కన్నా ముందు దాని గురించే అడుగుతావని తెలుసు కాబట్టి ముందే చెప్పేస్తున్నా. వెనక ట్రైలర్‌లో రెండు టన్నుల కరెంటు టవర్ల ఇనుము, పదిహేడు మలుపులు. రెండో గేరులో పెట్టి వదిలేశాను, దమ్ము తగ్గకుండా పాక్కుంటూ వచ్చేసింది. ఇరవై ఎనిమిదేళ్ల బండి అంటే ఇక్కడెవరూ నమ్మడం లేదు. సూపర్‌వైజర్ కొత్త పికప్ తెచ్చుకున్నాడు, లోపల టీవీ అంత తెర. మూడో టవర్ దగ్గర బురదలో దిగబడింది. తెర మీద ఏవేవో బొమ్మలు వెలిగాయి గానీ బండి కదల్లేదు. తాడేసి నేనే బయటికి లాగాను. ఆయన మొహం నువ్వు చూడాల్సింది.

పని పెద్ద కష్టం కాదు. యార్డు నుంచి టవర్ గోతుల దాకా సిమెంటు, ఇసుక, నీళ్ల ట్యాంకు తోలడమే. అంతా కొండ పైన పైనే. ఇక్కడ ఫోను పలకదు, అందుకే ఈ ఉత్తరం. ప్రతి గురువారం సరుకుల వ్యాను వస్తుంది. డ్రైవరు మన నత్తే. వాడి నడకకి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ నత్తలకి కోపం రావాలి.

ఈ వారం ఇంటికి రావాలనుకున్నా. మూడో గేరు సరిగా పడటం లేదు. లివరు కింద బుష్ అరిగినట్టుంది. ఒక బుష్ నత్తతో పంపించు. వచ్చే వారం దిగుతా. మీ మరదలికి, పాపకి చెప్పు.

నీ తమ్ముడు


వర్క్‌షాపు,
ఫిబ్రవరి 19

ఒరేయ్ తమ్ముడూ,

బుష్ పంపిస్తున్నా. రెండు పంపాను, ఒకటి పోగొడతావని. గేరు లివరు మీద చెయ్యి వేసుకుని నడపకని నీకు పదేళ్ల నుంచి చెప్తున్నా. అది చేతికర్ర కాదు.

జనవరిలో జరిగిన దానికి నేనేమీ అనదలచుకోలేదు గానీ మళ్లీ ఒకసారి గుర్తు చేస్తున్నా. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు వేసి కూర్చోకు. పదకొండో మలుపు దగ్గర గట్టు అడ్డం ఉంది కాబట్టి దానికి రాసుకుని ఆగింది. అన్ని చోట్లా గట్టు ఉండదు. పక్క సీట్లో ఉన్న ఆ క్యాంపు వంటాయన భుజం విరగడంతో సరిపోయింది, మీ ఇద్దరికీ ఆయుష్షు గట్టిది.

మీ ఆవిడ మిషను మీద స్కూలు బట్టలు కుట్టడంలో తలమునకలుగా ఉంది. పాప నా దగ్గరికొచ్చి స్పానర్లు సైజు వారీగా పేర్చి పోతోంది. నీ కన్నా నయం. ఈ గురువారం నిన్ను తీసుకురాకపోతే నత్తతో మాట్లాడనని చెప్పింది. వాడికి బెంగ పట్టుకుంది పాపం.

అక్క


కొండ మీది క్యాంపు,
మార్చి 5

అక్కా,

బుష్ అందింది, వేశాను, గేరు వెన్నలా పడుతోంది. అయితే ఇప్పుడు క్లచ్ జారుతోంది. ప్లేటు అయిపోయినట్టుంది. ఒకటి పంపితే ఇక్కడే మార్చేసుకుంటాను. ఈ లోపల దిగడం మంచిది కాదు కదా, నువ్వే అంటావు.

పని జోరుగా ఉంది. ఆరో టవర్ దాకా రోజుకి నాలుగు ట్రిప్పులు. ఆ దారి చూస్తే నీకు కళ్లు తిరుగుతాయి. మూడు టన్నుల ఇసుకతో నిట్టనిలువుగా ఎక్కించాను. సూపర్‌వైజర్ అందరి ముందూ నన్ను చూపించి, "ఇంటి ధ్యాస లేకుండా పనిచేయడమంటే ఇదీ" అన్నాడు. చప్పట్లు కూడా కొట్టించాడు. నేను ఎటు చూడాలో తెలియక టైర్ల గాలి చూసుకున్నాను.

వంటాయన కట్టు విప్పారు. కుడి చెయ్యి భుజం దాకా కూడా లేవడం లేదు. గరిటె ఎడం చేత్తో తిప్పుతున్నాడు. నాకు మాత్రం గిన్నె అడుగున మాడింది గీకి పెడతాడు. నేను తినేసి లేస్తాను.

మీ మరదలు రాసిన ఉత్తరం చదివాను. కోపంగా ఉంది. నువ్వు కాస్త సర్ది చెప్పు.

నీ తమ్ముడు


వర్క్‌షాపు,
మార్చి 26

ఒరేయ్,

నేను కోపంలో ఉన్నా, కాబట్టి చక్కగా చదువు.

బుష్ అడిగావు, పంపాను. క్లచ్ ప్లేటు అడిగావు, పంపాను. పోయిన వారం నత్త చేత వాటర్ పంపు అడిగించావు, అదీ పంపాను. నిన్న వచ్చి స్ప్రింగు పట్టీలు కావాలన్నాడు. ఆ బండిని నాన్న కొన్నప్పటి నుంచి దాని కడుపులో చెయ్యి పెట్టింది నేను. ఇరవై ఎనిమిదేళ్లలో పోనివన్నీ రెండు నెలల్లో పోయాయా? పోనీ పోయాయే అనుకుందాం. క్లచ్ జారే బండి మూడు టన్నులతో నిట్టనిలువు దారి రోజుకి నాలుగుసార్లు ఎలా ఎక్కిందో నాకు చెప్పు. మెకానిక్ చెవిలో పువ్వు పెట్టాలంటే ముందు మెకానిజం నేర్చుకోవాలిరా.

మీ ఆవిడ నిన్న నా దగ్గర కూర్చుని, "వదినా, ఆ కొండ మీద ఎవరినైనా పెట్టుకున్నాడా?" అని అడిగింది. నవ్వొచ్చింది నాకు. సిమెంటు బస్తాలు, పాతికమంది మగాళ్లు, ఎవర్ని పెట్టుకుంటావు? అదే అన్నాను. తను నవ్వలేదు. "మరి ఎందుకు రాడు?" అంది.

ఇంకో సంగతి. నత్తని కూర్చోబెట్టి టీ పోసి అడిగాను. పోయిన నెల నువ్వు వాడి వ్యాను ఎక్కావట. ముందు సీట్లో కూర్చున్నావట. రెండో మలుపు దగ్గర ఆపమని దిగిపోయి, పర్సు మర్చిపోయానని చెప్పి పైకి నడుచుకుంటూ వెళ్లిపోయావట. "పర్సు జేబులో ఉబ్బెత్తుగా కనపడుతూనే ఉందక్కా" అన్నాడు.

ఏం జరుగుతోందో రాయి. అబద్ధం రాస్తే ఇక నుంచి ఒక్క నట్టు కూడా పంపను.

అక్క


కొండ మీది క్యాంపు,
ఏప్రిల్ 9

అక్కా,

బండికి ఏమీ కాలేదు. నువ్వు పంపినవన్నీ మంచం కింద గోనెసంచిలో ఉన్నాయి, అట్టపెట్టెలు కూడా విప్పలేదు. తిరిగి పంపిస్తా, కోప్పడకు.

నేను దిగలేకపోతున్నాను.

జనవరి తర్వాత నువ్వు బండి బాగుచేసి ఇచ్చాక హాయిగా ఎక్కి వచ్చేశాను. ఎక్కేటప్పుడు ఎదురుగా కొండ ఉంటుంది, అది నిన్ను ఎక్కడికీ పోనివ్వదు. మొదటి గురువారం దిగుదామని తెల్ల చొక్కా వేసుకుని ఇంజను వేడెక్కించి బయల్దేరాను. దిగుడు మొదలయ్యే చోట ఒక ఇనప బోర్డు ఉంటుంది, కింది గేరు వాడమని. అక్కడికి రాగానే ఎదురుగా ఏమీ కనపడలేదు. ఆకాశమే. చేతులు స్టీరింగుకి అతుక్కుపోయాయి. బండి ఎలా తిప్పానో కూడా గుర్తులేదు. సూపర్‌వైజర్‌తో గేరు పడటం లేదని చెప్పాను. అది మొదలు, ప్రతి గురువారం స్నానం చేసి చొక్కా వేసుకుని ఆ బోర్డు దాకా వెళ్తాను, వెనక్కి వస్తాను. ఇక్కడి వాళ్లు నాకు గురువారం ఏదో మొక్కు ఉందనుకుంటున్నారు.

ఆ రోజు మలుపులో బ్రేకు నొక్కితే పెడల్ మెత్తగా నేల దాకా పోయింది. కాలి కింద ఏమీ లేదు. వెనక నుంచి ట్రైలర్ మీది కంప్రెసర్ బరువు తోసుకొస్తోంది. గట్టు వైపు కోశాను. గట్టు తగిలింది వంటాయన కూర్చున్న వైపు. పెద్ద చప్పుడు కూడా లేదు. ఆయన "అయ్యో" అని మామూలుగా అన్నాడు, కూరలో ఉప్పెక్కువైతే అన్నట్టు.

ఇప్పుడు ట్రైలర్ బ్రేకుల్ని రోజూ పొద్దున్నే చూసుకుంటా. గోడలా పట్టుకుంటాయి. అంటే ఆ రోజూ పట్టుకునే ఉంటాయి. నువ్వన్నది నిజం, నేనే కాలు వేసి కూర్చుని మాడ్చేశాను. అలా చేసినట్టు నాకు గుర్తులేదు. గుర్తు లేకుండా చేశానంటే మళ్లీ కూడా చేస్తాను కదా, అదీ నా బాధ. నా కాలు నా మాట వినదని తెలిశాక దాన్ని వెంటపెట్టుకుని ఎలా దిగను? నత్త వ్యానులో కూడా తెలియకుండా నేలని తొక్కుతూనే ఉన్నాను, పిక్క పట్టేసింది.

నడిచి దిగొచ్చు కదా అంటావు. బండి పైన వదిలేసి ఇంటికి నడిచొచ్చిన డ్రైవర్ని ఆ తర్వాత ఎవరు పిలుస్తారు? పిలిచినా నేను పలకలేను.

మీ మరదలికి చెప్పకు. ఎవర్నో పెట్టుకున్నాడనుకోవడమే నయం.

నీ తమ్ముడు


వర్క్‌షాపు,
ఏప్రిల్ 16

తమ్ముడూ,

ఉత్తరం చదివాను. భయం అందరికీ ఉంటుంది, దాంట్లో సిగ్గుపడేదేమీ లేదు. నిదానంగా ప్రయత్నించు.

ముందు ట్రైలర్ తీసేసి ఖాళీ బండితో ఒక్క మలుపు దిగు. బోర్డు దగ్గరే పూర్తిగా ఆపి మొదటి గేరులో పెట్టు. పాత డీజిలు కదా, ఆక్సిలరేటర్ మీంచి కాలు తీసినంత మాత్రాన దానంతటదే పెద్దగా పట్టుకోదు, కాబట్టి గేరు ఎంత కిందదైతే అంత మంచిది. బ్రేకు గట్టిగా నొక్కు, వదిలెయ్, మళ్లీ నొక్కు. ఆరో మలుపు దగ్గర చదును ఉంది, అక్కడ ఆపి బ్రేకు డ్రమ్ములు చల్లారేదాకా కూర్చో. ఎవరు హారన్ కొట్టినా పట్టించుకోకు.

వంటాయన చెయ్యి గురించి మరీ అంతగా ఆలోచించకు. నీ వల్లే అని ఎందుకనుకుంటావు. బండి అన్నాక ఏవేవో జరుగుతుంటాయి.

పాప బాగుంది. నీ ఆరోగ్యం చూసుకో, వేళకి తిను. నేను బాగానే ఉన్నాను.

అక్క


కొండ మీది క్యాంపు,
మే 7

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఖాళీ బండి, మొదటి గేరు. మొదటి మలుపు దాకా వెళ్లాను. అక్కడ ఆపాను, ఇక కదల్లేదు. గంట కూర్చున్నాను. చివరికి వెనక్కి రివర్సులోనే పైకి వచ్చాను. చూసిన వాళ్లు దిట్ట అన్నారు, ఆ మలుపు రివర్సులో ఎవరూ ఎక్కించరట. చూశావా, ఇక్కడ నా పేరు రోజురోజుకీ పెరుగుతోంది.

పని అయిపోవచ్చింది. జూన్ రెండో వారంలో క్యాంపు ఎత్తేస్తారు, వానలు మొదలైతే రోడ్డు ఉండదు. అన్నిటికన్నా చివర రాయి తొలిచే మెషీను దించాలి. నాలుగు టన్నులు. కొత్త పికప్‌తో దాన్ని లాగించడానికి సూపర్‌వైజర్‌కి ధైర్యం లేదు. "నువ్వూ, నీ ముసలిదీ ఉండగా నాకేం దిగులు" అన్నాడు, భుజం తట్టాడు. నేను తల ఊపాను. ఖాళీ బండితో ఒక్క మలుపు దిగలేని వాణ్ని.

మీ మరదలు రాసింది. స్కూళ్లు తెరిచేలోపు నేను రాకపోతే పాపని తీసుకుని వాళ్ల అమ్మ వాళ్లింటికి పోతుందట, బడి కూడా అక్కడే వేస్తుందట. తిట్టలేదు. నాలుగే లైన్లు రాసింది. తిట్టి ఉంటే బాగుండేది.

తిట్టడమంటే గుర్తొచ్చింది. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. "ఒరేయ్" లేదు, ఒక్క ఎత్తిపొడుపు లేదు. వేళకి తిను అని రాశావు. నా జన్మలో నన్ను నువ్వు తిన్నావా అని అడగలేదు. నీకు ఒంట్లో బాగుందా? ఏమైనా ఉంటే దాచకు.

నీ తమ్ముడు


వర్క్‌షాపు,
మే 14

ఒరేయ్ తమ్ముడూ,

ఒంట్లో బాగానే ఉంది. రోగమైతే ఈపాటికి డాక్టరుకి చూపించుకునేదాన్ని.

జనవరిలో ట్రైలర్ వెనక లైట్లకి మాటిమాటికీ ఫ్యూజు పోతోందని తెచ్చావు. ఎక్కడ తప్పుందో కనుక్కోవడానికి ఒక్కో వైరూ విప్పుకుంటూ వచ్చాను. ట్రైలర్ బ్రేకులకి కరెంటు పోయే వైరు కూడా విప్పి, కొసకి టేపు చుట్టి పక్కకి మడిచాను. చివరికి తప్పు ఎడం వైపు లైటు హోల్డరులో దొరికింది. సరిచేశాను. అన్నీ కలిపాను. బ్రేకు వైరు కలపలేదు.

నువ్వు బయల్దేరేముందు ఎప్పటిలాగే రెండడుగులు ముందుకి పోనిచ్చి, ట్రైలర్ బ్రేకు లివరు నొక్కి అది పట్టుకుంటోందో లేదో చూసుకోబోయావు. "నేను చూశాగా, పో" అన్నాను. నేను చూడలేదు. ఆకలేస్తోంది, నువ్వు పోతే తినొచ్చని అలా అన్నాను. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని ఈ నాలుగు నెలలూ వెతికాను. లేదు.

అంటే ఆ రోజు ట్రైలర్‌కి బ్రేకులే లేవు. ఆ బరువంతా బండి బ్రేకులే మోశాయి. పది మలుపుల దాకా మోశాయంటే నువ్వు ఎంత జాగ్రత్తగా దిగి ఉంటావో నాకు తెలుసు. ఇంకొకడైతే నాలుగో మలుపు దాటేవాడు కాదు.

క్రేను బండిని ఈడ్చుకొచ్చి పడేసిన రోజు మొదట ట్రైలర్ కిందికే దూరాను. టేపు చుట్టిన కొస అలాగే వేలాడుతోంది. నువ్వు పక్కనే నిలబడి, "ఏమైందక్కా, ఏం చూశావు?" అంటున్నావు. కింద పడుకునే వైరు కలిపేశాను. బయటికొచ్చి చేతులు తుడుచుకుని, నీ మొహం మీదే అన్నాను డ్రమ్ములు మాడ్చావని. నువ్వు ఒక్క మాట ఎదురు చెప్పి ఉంటే చెప్పేసేదాన్నేమో. ఇది కూడా నీ మీదకే తోస్తున్నాను చూడు.

నాన్న పోయాక ఆడదాని చేతికి బండి ఇవ్వబోమని ఈ వీధిలో ఎంతమంది మొహం మీదే అన్నారో నీకు తెలుసు. ఏడేళ్లు పట్టింది జనం నమ్మడానికి. నా చేతి పనిలో తప్పు పట్టినవాడు లేడని నాకు పొగరు. ఆ పొగరు కాపాడుకోవడానికి నీ మీద వేసేశాను. నువ్వు నాలుగు రోజులు బాధపడి మర్చిపోతావనుకున్నాను. నీ ఏప్రిల్ ఉత్తరం చదివిన రోజు కూడా చెప్పలేకపోయాను. కూర్చుని గేర్ల గురించి పాఠం రాశాను.

నీ కాలు నీ మాట వింటుందిరా. ఎప్పుడూ విన్నది. మాట వినంది నా చెయ్యి.

మీ ఆవిడకి ఇవాళ పొద్దున అంతా చెప్పాను. విని లేచి వెళ్లిపోయింది. పాపని కూడా తీసుకెళ్లింది.

అక్క


కొండ మీది క్యాంపు,
మే 21

ఉత్తరం అందింది.

కోపం వస్తుందేమోనని ఎదురు చూశాను, రాలేదు. నిజం తెలిస్తే కాలు తేలికవుతుందనుకున్నాను. చదవగానే బండి ఎక్కాను. బోర్డు దాకా వెళ్లాను. నిజమే, కాలు వణకలేదు. కానీ ఆ బండిలో నేను కూర్చున్న సీటు దగ్గర్నుంచి చివరి నట్టు దాకా నువ్వు బిగించిందే. ఇన్నాళ్లూ నేను నమ్మంది ఒక్క నా కాలినే. నీ చెయ్యి ఉందిలే అనుకునేవాణ్ని. ఇప్పుడు అదీ లేదు.

వంటాయనకి ఇంకా చెప్పలేదు. ఏమని చెప్పను, నేను కాదు మా అక్క అనా?

మెషీను జూన్ 8న దించాలట. ఇక రాయొద్దు.


వర్క్‌షాపు,
మే 28

ఒరేయ్,

రాయొద్దన్నావు కాబట్టి నేనే వస్తున్నా. వచ్చే గురువారం నత్త వ్యానులో. కొత్త బ్రేకు లైనింగులు, ఆయిలు, వైర్లు, నా పనిముట్ల పెట్టె తెస్తున్నా. నాలుగు చక్రాలూ, ట్రైలర్ రెండు చక్రాలూ విప్పుతాను. ప్రతిదీ నీ కళ్ల ముందే బిగిస్తాను. నువ్వు చూడు, లాగి చూడు, వంద సార్లు చూడు. నమ్మకం కుదరకపోతే దిగకు, ఆ సూపర్‌వైజర్‌కి కారణం నేనే చెప్తాను.

తిట్టాలనుంటే ఎదురుగా తిట్టు. తలవంచుకుని వింటాను. అది కూడా చూడాలని లేదా నీకు?

అక్క


కొండ మీది క్యాంపు,
జూన్ 9

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు క్షేమంగా చేరావని నిన్న మధ్యాహ్నం నత్త వచ్చి చెప్పాడు. ఇల్లు చేరాక నీ మొహం ఎలా ఉందని అడిగితే, "టీ రెండు గ్లాసులు తాగాడక్కా" అన్నాడు. వాడి దగ్గర అంతకన్నా వార్త రాబట్టడం నా వల్ల కాలేదు.

ఇక్కడున్న మూడు రోజులూ నువ్వు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. స్పానరు అడిగితే స్పానరు ఇచ్చావు, అంతే. నేను బిగించిన ప్రతి నట్టూ నువ్వు మళ్లీ బిగించి చూశావు. ఒక్కటి కూడా కదల్లేదు, అది చూసి నాకు ఏడుపొచ్చింది, పొగ వంక పెట్టి తుడుచుకున్నాను. నిన్న పొద్దున పక్క సీటు ఎక్కబోతే, "నువ్వు ఉంటే నాకు నీ మీదే ధ్యాస ఉంటుంది, దిగు" అన్నావు. మాట్లాడింది అదొక్కటే.

సర్వే వాళ్ల దుర్భిణి అడుక్కుని బోర్డు పక్కన నిలబడ్డాను. ముసలిది, దాని వెనక ఆ నాలుగు టన్నుల భూతం. మలుపు మలుపుకీ ఎర్ర లైటు వెలిగేది, ఆరేది. నొక్కడం, వదలడం. ఆరో మలుపు దగ్గర ఆపావు, ముప్పావుగంట. పదకొండులో వెలిగింది. ఆరింది. పన్నెండు దాటాక కొండ అడ్డం వచ్చి ఇంకేమీ కనపడలేదు. నత్త వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. ఇన్నేళ్లుగా నట్లు బిగిస్తున్నా, బిగించిన తర్వాత అవి ఎక్కడికి పోతాయో ఎప్పుడూ చూడలేదురా. నా షాపు గేటు దాటే దాకే నాకు తెలుసు.

వంటాయనకి నేనే చెప్పాను. వైరు సంగతి, ఆకలి సంగతి, అంతా. ఎడం చేత్తో గరిటె తిప్పుతూ విన్నాడు. "నాలుగు నెలలు ఆయనకి మాడింది వడ్డించాను" అన్నాడు. గరిటె పక్కన పెట్టి, "ఇవాళ్టి నుంచి మీకు వడ్డిస్తాను" అన్నాడు. వడ్డించాడు. తిన్నాను. ఆయన చెయ్యి ఇక లేవదు, నేను తిన్నంత మాత్రాన తీరేది కాదు.

ఇప్పుడు అసలు సంగతి. సామాను దించడానికి నత్త రోజూ వస్తున్నాడు. నిన్న సాయంత్రం ఎక్కమన్నాడు, అలసిపోయాను రేపు వస్తానన్నాను. ఇవాళ పొద్దున వచ్చి తలుపు తీసి పట్టుకున్నాడు. మెట్టు మీద కాలు పెట్టాను, దించాను. పనిముట్లు సర్దుకోవాలన్నాను. అవన్నీ వ్యానులోనే ఉన్నాయి, వాడే ఎక్కించాడు. వాడు నన్ను అదోలా చూశాడు. నీ పర్సు గుర్తొచ్చి ఉంటుంది.

నాకు ఎత్తు అంటే భయం లేదు, లోయ అంటే భయం లేదు. నడిచి దిగుదామంటే నా మోకాళ్ల సంగతి నీకు తెలుసు. నత్త మీద కూడా అనుమానం లేదు, వాడి కన్నా నిదానంగా నడిపేవాడు పుట్టలేదు. కానీ మే నెలలో ఆ వ్యానుకి బ్రేకులు చేసింది నేనే, ఎక్కి వచ్చేటప్పుడు అది తట్టనే లేదు. ఆ రోజు ఏమేం విప్పానో గుర్తుంది. అన్నీ కలిపానా అని అడిగితే కలిపాననే అంటాను. జనవరిలోనూ అలాగే అన్నాను.

మెట్టు మీద కాలు పెట్టినప్పుడల్లా అదే వినిపిస్తోంది. శనివారం క్యాంపు ఎత్తేస్తున్నారు. ఏం చెయ్యాలో తెలియడం లేదు. నిన్ను రమ్మని అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నా.

అక్క


వర్క్‌షాపు,
జూన్ 10

అక్కా,

ఈ ఉత్తరం పొద్దున్నే నత్తతో వస్తోంది. నేను పాపని బడిలో దింపేసి మధ్యాహ్నానికి బయల్దేరతాను. ట్రైలర్ లేదు, ఖాళీ బండి. సాయంత్రం లోపు అక్కడుంటా. వంటాయనని కూడా దింపుతానని చెప్పు, వస్తానంటేనే.

మీ మరదలు ఊరికి వెళ్లలేదు. నాతో ఇంకా మాట్లాడటం లేదు, గిన్నెలు మాత్రం గట్టిగా పెడుతోంది. నాలుగు నెలలు నేనూ నిజం దాచాను. మనిద్దరం ఒక కడుపున పుట్టిన వాళ్లమే.

నీ మీద కోపం వచ్చింది. కిందికి దిగి టీ తాగుతుంటే వచ్చింది, ఉన్నట్టుండి. చాలా ఉంది, తొందరగా పోయేలా లేదు. నిన్ను ఇంటికి చేర్చాక కూర్చోబెట్టి తిడతాను, సిద్ధంగా ఉండు.

బండి బ్రేకులు ఎవరికీ చూపించలేదు. నేనూ విప్పి చూడలేదు. నువ్వు బిగించి పంపినట్టే ఉన్నాయి. వాటితోనే వస్తున్నా.

నీ తమ్ముడు